ఎత్తిన అరచెయ్యి

“పిలవలే. పిలిస్తే నేను ఆపకపోదునా?”

తెల్లారినప్పటి నుంచి జయరాజు ఈ మాట అనడం నాలుగోసారి. మొదటిసారి భార్య దేవమ్మతో అన్నాడు. రెండోసారి పాల ప్యాకెట్లు వేసే మనిషితో అన్నాడు. మూడోసారి గోడకున్న చర్చి క్యాలెండరుతో అన్నాడు. ఇప్పుడు కూతురు సౌమ్య ముఖంలోకి సూటిగా చూస్తూ అన్నాడు.

సౌమ్య ఆయన ముందు నిండుగా ఉన్న చాయ్ గ్లాసు తీసుకొని లోపలికి వెళ్లిపోయింది.

“సూసినవా, తాగకముందే తీస్కపోయింది,” అన్నాడు జయరాజు భార్యతో.

“అది సల్లారి గంటయింది. తాగేటోనివైతే ఎప్పుడో తాగుదువు,” అంది దేవమ్మ.

సోమవారం మధ్యాహ్నం మిల్లులో అల్లుడు వినయ్ కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. చూపుడు వేలు, నడిమి వేలు, రెండూ సగానికి. సూర్యాపేట దవాఖానలో ఆపరేషన్ చేసి నిన్న సాయంత్రం ఇంటికి పంపారు. ఇప్పుడు పక్క గదిలో మంచం మీద, చేతికున్న పెద్ద కట్టును దిండు మీద ఆనించుకొని, ఎవరేమడిగినా “నాదే తప్పు” అంటూ కూర్చున్నాడు.

పదకొండు గంటలకు మిల్లు యజమాని సత్యనారాయణ సేటు వస్తాడు. ప్రమాదం ఎట్లా జరిగిందో రాసిన కాగితం తెస్తాడు. వినయ్ కేక వెయ్యకుండా, మిషన్ ఆపించకుండా చెయ్యి పెట్టాడని అందులో ఉంటుంది. కింద వినయ్ సంతకం కావాలి. సాక్షిగా జయరాజు సంతకం కావాలి.

ఆ రెండు సంతకాలు పడితే ఏమవుతుందో సౌమ్యకు తెలుసు. మిర్యాలగూడలో ఇన్ని మిల్లులున్నా, అజాగ్రత్త మనిషని కాగితం మీదికెక్కిన వాడిని ఎవరూ మిషన్ దగ్గరికి రానివ్వరు. వినయ్‌కి ఇరవై తొమ్మిదేళ్లు. తెలిసిన పని మిల్లు పని ఒక్కటే. ఆ చేత్తో ఇక బస్తా కూడా ఎత్తలేడు.

అందుకే ఆమె మూడు రోజులుగా తండ్రితో మాట్లాడటం లేదు. మొగుడి మాట నమ్మాలో తండ్రి మాట నమ్మాలో తెలియని ఆడపిల్ల అనుకునేరు. విచిత్రమేమిటంటే ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు. ఇద్దరూ ఒకే మాట చెప్పడమే ఆమెకు నచ్చలేదు.

ఈ ఇంట్లో మాట్లాడకుండా ఉండటం చిన్న విషయం కాదు. మిల్లుల్లో పనిచేసే వాళ్ల ఇళ్లన్నీ గట్టిగానే మాట్లాడతాయి గానీ జయరాజు ఇల్లు వాటన్నిటికీ పెద్దన్న. ముప్పై ఏళ్లుగా ఆయన రైసు మిల్లు డ్రైవరు. బండి నడిపే డ్రైవరు కాదు. మిల్లంతటినీ ఒక్కచోట నిలబడి నడిపించే మనిషిని ఇక్కడ డ్రైవరనే అంటారు. ఆ మోతలో అరిచి అరిచి, ఇంటికొచ్చాక “ఉప్పు జర తక్కువైంది” అన్న మాట కూడా వీధి మలుపు దాకా వినిపించేట్టు అంటాడు. “ఎక్కువేస్తే బీపీ పెరుగుతది” అని దేవమ్మ అంతకంటే గట్టిగా అంటుంది. పక్కింట్లో కొత్తగా కిరాయికి దిగినవాళ్లు మొదటి వారం మొగుడూ పెళ్లాలు కొట్టుకుంటున్నారని పరుగెత్తుకొస్తారు. రెండో వారం నుంచి తమ టీవీ సౌండు పెంచుకుంటారు.

ఆ మోత కూడా ఒక్కనాడు వచ్చింది కాదు. సేటు తండ్రి కాలంలో అది వడ్ల పొట్టు తీసే హల్లర్ ఒక్కటే ఉన్న మిల్లు. తర్వాత రబ్బరు రోళ్లొచ్చాయి, పాలిష్ మిషన్లొచ్చాయి, నల్ల గింజను కెమెరాతో పట్టి పక్కకు ఊదేసే సార్టెక్స్ వచ్చింది. కొత్త మిషన్ వచ్చినప్పుడల్లా బియ్యం ఇంకాస్త తెల్లబడ్డాయి, మోత ఇంకాస్త పెరిగింది. సంచి మీద పువ్వు బొమ్మ, లోపల మల్లెపువ్వు లాంటి బియ్యం ఉంటే తప్ప జనం కొనడం మానేశారు. అన్ని మిషన్లనూ జయరాజే నేర్చుకున్నాడు, అన్నిటి మధ్యా ఆయనే నిలబడ్డాడు.

*

సౌమ్య చల్లారిన చాయ్ పారబోసి గదిలోకి వెళ్లింది. వినయ్ ఎడమ చేత్తో చొక్కా గుండీ పెట్టుకోవడానికి అవస్థ పడుతున్నాడు.

“నేను పెడతలే,” అని ఆమె మంచం మీద కూర్చుంది. “మీ అమ్మ మల్ల ఫోన్ చేసింది. కోదాడ దాకా బస్సుల వస్తే ఆడికి ఆటో పంపుతదంట. అనంతగిరిల ఇల్లున్నది, రెండు బర్లున్నయి, వచ్చి ఉండమంటున్నది.”

“బర్రె పాలు పిండాలన్నా వేళ్లు గావాలె గదనే,” అని వినయ్ నవ్వబోయాడు.

సౌమ్యకు నవ్వు రాలేదు. గుండీ పెడుతూ ఆగింది.

“ఒక్కటి అడుగుత. నిజం చెప్పు. పిలిచినవా, లేదా?”

“నాదే తప్పని చెప్పిన గద.”

“తప్పెవరిదని నేనడగలే. పిలిచినవా అని అడిగిన.”

వినయ్ కిటికీ వైపు చూశాడు.

“ఇటు సూడు. పెండ్లయిన నాలుగేండ్లల్ల నువ్వు నాతోని ఒక్కటే అబద్ధమాడినవ్. నేను చేసిన బిర్యానీ మంచిగున్నదని. అప్పుడు గూడ గిట్లనే కిటికీ దిక్కు సూసినవ్.”

వినయ్ గొంతు బాగా తగ్గించి చెప్పాడు. ఆ ఇంట్లో అంత తగ్గిన గొంతు సౌమ్య ఎప్పుడూ వినలేదు.

“పిలిచిన.”

“ఎన్నిసార్లు?”

“రెండుసార్లు. ఎలివేటర్‌ల సుతిలి దారం సుట్టుకున్నది. వడ్లను పైకి తోడే డబ్బాల బెల్టు ఉంటది సూడు, దాని అడుగున. బెల్టు బిగుసుకపోయి ఆగింది. ‘మామా, ఆపు’ అని అరిసిన. మామ నా దిక్కు తిరిగి అరచెయ్యి ఎత్తిండు.”

అది సౌమ్యకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ ఇంట్లో అన్నం చాలన్నా అరచెయ్యే ఎత్తుతారు. మిల్లులో పద్ధతి ఏమిటంటే, మిషన్ దగ్గర ఉన్నవాడు ముందు కేక వెయ్యాలి. డ్రైవరు స్విచ్చి ఆపి, అరచెయ్యి ఎత్తి చూపించాలి. ఆ తర్వాతే లోపల చెయ్యి పెట్టాలి. అల్లుడికి ఈ పద్ధతి నేర్పింది జయరాజే.

“మామ ఆపిండనుకున్న. ఇంక దారం పట్టుకొని గుంజిన. దారం ఊడొచ్చింది. మోటర్ నడుస్తనే ఉండె సౌమ్యా. దారం పోంగనే బెల్టు ఒక్కసారి లేచింది.”

ఆమె అతని ఎడమ చెయ్యి పట్టుకుంది.

“మరి నీదే తప్పని ఎందుకు అందరికీ చెప్పుకుంట తిరుగుతున్నవ్?”

“మామకు ఈ మధ్య ఇనబడుడు తగ్గింది. నేను సూసిన. గింత తగ్గిందనుకోలే.” వినయ్ కట్టును దిండు మీద సర్దుకున్నాడు. “పిలిస్తే డ్రైవర్‌కు ఇనబడలేదని కాగితం మీద రాస్తే ఆయన మల్ల మిల్లు మెట్లెక్కుతడా? అరచేతిల నాలుగు గింజలేసి నలిపి తేమ ఎంతున్నదో చెప్తడు. తర్వాత మిషన్ పెడితే గదే నంబరొస్తది. గసుంటి మనిషిని ఇంట్ల కూసోబెడితే ఎట్లుంటడు చెప్పు. నాకంటే ఇంకేదన్న పని దొరుకుతది.”

“ఏం పని?”

వినయ్ మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

సౌమ్యకు మొగుడి మీద కోపం వచ్చింది, అంతకు మించి ప్రేమ వచ్చింది. రెండిటిలో దేన్ని ముందు చూపించాలో తోచక, మిగిలిన గుండీలు గబగబా పెట్టేసి లేచింది.

*

జయరాజు వసారాలో వీధి వైపు తిరిగి కుర్చీలో కూర్చున్నాడు. సౌమ్య గుమ్మంలో, ఆయన వీపు వెనక నిలబడింది.

“నాయినా,” అంది మామూలుగా.

జయరాజు వీధిలో పోతున్న ట్రాక్టరును చూస్తున్నాడు.

“నాయినా!” ఈసారి ఇంటి పద్ధతిలోనే, గట్టిగా.

ఎదురింటి ఆవిడ తలెత్తి చూసింది. జయరాజు తల తిప్పలేదు. మెడ మీద వాలిన ఈగను తోలుకున్నాడు.

ఇంతలో వెనక నుంచి దేవమ్మ వచ్చింది. నేల మీద మడమతో దబ్ దబ్ మని రెండుసార్లు కొట్టింది. జయరాజు వెంటనే తిరిగాడు.

“ఏందే?”

“ఉప్మా తింటవా?”

ఆయన అరచెయ్యి ఎత్తి వద్దన్నాడు. మళ్లీ వీధి వైపు తిరిగిపోయాడు.

అమ్మ మడమతో నేల కొట్టడం సౌమ్యకు కొత్త కాదు. కోపమొచ్చినా, తొందరలో ఉన్నా అట్లా కొడుతుందని, అది ఆమె అలవాటని ఇన్నాళ్లూ అనుకుంది. ఆ అలవాటు చిన్నప్పటిది కాదని, ఈ ఏడాది రెండేళ్లలో వచ్చిందని ఇప్పుడే గుర్తుపట్టింది. తల్లిని భుజం పట్టుకొని వంటింట్లోకి తీసుకుపోయింది.

“ఎప్పటి సంది అమ్మా?”

“ఏంది ఎప్పటి సంది?”

“నాయినకు ఇనబడనిది.”

దేవమ్మ స్టవ్ మీద ఏమీ లేకపోయినా మంట తగ్గించబోయింది. తర్వాత చెయ్యి కొంగుకు తుడుచుకొని పీట మీద కూర్చుంది.

“పోయిన ఏడు కోదాడల ప్రార్థన సభలకు పోయినం జూడు.”

“ఆ, మూడు దినాలు.”

“సభలకు పోలే. దేవుడు క్షమించాలె. చెవుల డాక్టర్ కాడికి పోయినం. ఈడ సూపిస్తే మిల్లోళ్లు ఎవరన్న సూస్తరని గాడికి తోల్కపోయిన. మిల్లు మోతకు లోపటి నరం పోయిందన్నరు. పోయింది మల్ల రాదన్నరు. చెవుల పెట్టుకునే చిన్న మిషన్ ఇచ్చిన్రు.”

“ఏది మరి?”

“పెట్టెల ఉన్నది. ఒక్కనాడు పెట్టుకొని మిల్లుకు పోయిండు. మిల్లంత చెవులకు జొరబడ్డదంట. తల పలిగిపోతదని పగటి బువ్వ యాల్లకే తీసి జేబుల ఏసుకున్నడు. ఎదురుంగ నిలబడి మాట్లాడితే పెదాలు సూసి అన్నీ తెలుసుకుంటడు గదా అని నేను గూడ ఊకున్న. మిల్లుల అందరు గట్లనే మాట్లాడుకుంటరు. ఆ మోతల కేకలు తప్ప మాటలు ఇనేదెవరు?”

“మరి వినయ్ పిలవలేదని నాయిన నిజంగనే నమ్ముతుండా?”

“నమ్ముతుండు బిడ్డా. మనం ఇంట్ల అన్న మాట ఇనబడలేదంటే ఒప్పుకుంటడు. మిల్లుల ఎవలన్న ఆపమని పిలిస్తే తనకు ఇనబడకపోవుడు ఉండదని ఆయన ధైర్యం.” దేవమ్మ పీట మీద నుంచి లేవబోయి మళ్లీ కూర్చుంది. “తప్పు నాది. అప్పుడే మిల్లు దిగమని చెప్పాల్సింది. దిగితే ఏమైపోతడో అని చెప్పలే.”

ఆ ఇంట్లో తప్పును నెత్తిన పెట్టుకోవడానికి అందరూ సిద్ధమే. అల్లుడు నాదంటాడు, అత్త నాదంటుంది. ఏ తప్పూ లేదని గట్టిగా అంటున్నది జయరాజు ఒక్కడే. ఆయన అబద్ధం ఆడటం లేదని తెలిశాక సౌమ్యకు కోపం పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయింది. మూడు రోజులు తండ్రితో మాట్లాడనందుకు ఆమెకు ఏడుపొచ్చింది.

కానీ కాగితం వస్తుంది. నిజం చెబితే తండ్రి మిల్లు పోతుంది. చెప్పకపోతే మొగుడి బతుకు పోతుంది. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే సౌమ్యకు ఈ లెక్క ఎటు నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.

“నువ్వు ఏమనకు బిడ్డా,” అంది దేవమ్మ. “నీ చేతుల మొక్కుత.”

వీధిలో కారు ఆగిన చప్పుడైంది.

*

సత్యనారాయణ సేటు బత్తాయిల సంచి స్వయంగా మోసుకొచ్చాడు. అరవై దాటిన మనిషి. కింద గద్దె మీద కూర్చోబోతే జయరాజు తన కుర్చీ లాగి వేశాడు. దేవమ్మ మంచినీళ్లు తెచ్చింది. వినయ్‌ని నడిపించుకుంటూ సౌమ్య వసారాలోకి తెచ్చి, తండ్రి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది.

“నొప్పి తగ్గిందా వినయ్?”

“తగ్గింది సేటూ.”

“మందులకు, కట్లకు నువ్వేం ఫికర్ చెయ్యకు. నేను చూసుకుంటా.” సేటు జేబులోంచి కాగితం తీసి మడత విప్పాడు. ఆయన చేతులకు కూడా ఈ పని ఇష్టం లేనట్టుంది, కాగితం రెండుసార్లు జారింది. “ఇది మామూలు కాగితమే. పై ఆఫీసుకు పంపాలి గదా. చదువుతా, వినండి.”

చదివాడు. పొట్టి కాగితం. సదరు వినయ్ అనే కార్మికుడు నియమం ప్రకారం కేక వేసి మిషన్ ఆపించకుండా, తన సొంత అజాగ్రత్త వల్ల చేయి లోపల పెట్టాడు. మిల్లు వారికి గానీ, ఆపరేటర్‌కు గానీ ఇందులో సంబంధం లేదు.

సేటు చదువుతున్నంతసేపూ జయరాజు ఆయన పెదాల వైపే చూశాడు. అయిపోయాక తల ఊపాడు.

“అంతే సేటూ. పిలవలే. మంచి పిల్లగాడే, కని తొందరపడ్డడు.” అల్లుడి భుజం మీద చెయ్యేసి, “ఎన్నిసార్లు చెప్పిన రా నీకు,” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కళ్ల నిండా నీళ్లున్నాయి.

వినయ్ ఎడమ చేత్తో పెన్ను తీసుకున్నాడు. ఎడమ చేతికి పెన్ను పట్టడం రాదు. పిడికిలితో పట్టుకొని కాగితం మీదికి వంగాడు.

“ఆగు,” అంది సౌమ్య.

ఆమె వెళ్లి తండ్రికి ఎదురుగా నిలబడింది.

“నాయినా, ఒక్క మాట.”

మూడు రోజుల తర్వాత కూతురు తనతో మాట్లాడింది. ప్రశ్న ఏమిటో తెలియకముందే జయరాజు ముఖం విప్పారింది. “అడుగు బిడ్డా, అడుగు,” అన్నాడు ఆత్రంగా. ఆ ముఖం చూసి సౌమ్యకు అడగబుద్ధి కాలేదు. అయినా అడిగింది.

“సోమారం నాడు నువ్వు చెయ్యి ఎత్తినవా?”

“ఏ చెయ్యి?”

ఆమె అరచెయ్యి ఎత్తి చూపించింది.

“ఆఁ, ఎత్తిన. బాల్యాకు ఎత్తిన.” బాల్యా మిల్లులో వడ్లు కుమ్మరించే హమాలీ. “లోడు పెరుగుతుండె. కరెంటు బోర్డు మీద ముల్లు పైకి పోతుండె. ఎలివేటర్‌ను లోడు మీద ఆపితే మల్ల లేవదు. ముందుగల వడ్లు బందు చెయ్యాలె. అందుకే ఇంక పొయ్యకు రా అని బాల్యాకు చెయ్యెత్తిన.”

“బాల్యా ఏడున్నడు?”

“వడ్లు పోసే గుంత కాడ.”

“వినయ్ ఏడున్నడు?”

“గుంతకు ముందుగల. ఎలివేటర్ కాడ.” జయరాజు చేత్తో చూపించబోయాడు. ఇక్కడ తను, అక్కడ వినయ్, వాడి వెనకే బాల్యా. గాలిలోకి లేచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

దేవమ్మ గోడకు ఆనుకుంది. సేటు చేతిలోని కాగితం మెల్లగా మడతపెట్టాడు.

జయరాజు ఆ మూడు చోట్లనూ మనసులో మళ్లీ మళ్లీ నిలబెట్టి చూసుకున్నట్టున్నాడు. ముప్పై ఏళ్లు ఆయన చెప్పింది ఒకటే వరస. కేక, అరచెయ్యి, ఆ తర్వాత లోపలికి చెయ్యి. అరచెయ్యి చూసి లోపలికి చెయ్యి పెట్టినవాడు అంతకు ముందు ఏం చేసి ఉంటాడో ఆయనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

“వినయ్,” అన్నాడు.

వినయ్ గోడ వైపు తిరిగాడు.

“అటు తిరిగితే నాకెట్ల తెలుస్తది రా?” జయరాజు అల్లుడి గడ్డం పట్టుకొని ముఖం తన వైపు తిప్పుకున్నాడు. “నా దిక్కు సూడు. పిలిచినవా?”

వినయ్ గొంతులోంచి మాట రాలేదు. పెదాలు మాత్రం కదిలాయి. మిగతావాళ్లకు ఏమీ వినపడలేదు. జయరాజుకు అది చాలు.

“రెండుసార్లా?” అన్నాడు.

వినయ్ తలవంచాడు. కట్టు ఉన్న చెయ్యిని జయరాజు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కొత్తగా పట్టిన బియ్యం రాశిలోంచి గుప్పెడు తీసుకున్నప్పుడు ఎంత మెత్తగా పట్టుకుంటాడో అంత మెత్తగా పట్టుకున్నాడు. అట్లాగే పట్టుకొని ఏడ్చాడు. ఆయనది ఏడుపైనా పెద్ద గొంతే. ఎదురింటి ఆవిడ మళ్లీ తలెత్తి చూసి, ఈసారి లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

“నువ్వు ఏడవకు మామా,” అన్నాడు వినయ్. జయరాజు తలవంచుకొని ఉన్నాడు కాబట్టి ఆ మాట ఆయనకు చేరలేదు.

కాసేపటికి ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకొని నిటారుగా కూర్చున్నాడు.

“సేటూ, ఆ కాగితం చింపేయండి. పిల్లగాడు పిలిచిండు. నాకే ఇనబడలే. నా చెవులు పోయినయి, పోయిన ఏడే డాక్టర్ చెప్పిండు, మీ కాడ దాచిన. అది రాయండి. డ్రైవర్‌కు చెవులు లేవని రాయండి. ఏడ సంతకం పెట్టమంటే ఆడ పెడత.”

“ఏమయ్యా...” అని దేవమ్మ ముందుకు రాబోయింది. ఆయన ఆమెను చూడలేదు. సేటునే చూస్తున్నాడు. ముప్పై ఏళ్ల పని ఒక్క మాటతో కింద పెట్టేసి, దానికి జవాబు కోసం ఎదురు చూస్తున్న మనిషి ముఖం అది.

సౌమ్యకు తండ్రి కాళ్ల మీద పడాలనిపించింది. ఇంతకంటే ఎక్కువగా ఆయన్ను ఎన్నడూ ప్రేమించలేదేమో అనుకుంది.

సత్యనారాయణ సేటు కళ్లద్దాలు తీశాడు. తలవంచి, మోకాళ్ల మీద ఉన్న కాగితాన్ని చూస్తూ, నేలతో మాట్లాడినట్టు మెల్లగా అన్నాడు.

“నాకు తెలుసు.”

సౌమ్య తనకు సరిగ్గా వినపడలేదనుకుంది.

“రెండేళ్ల నుంచి తెలుసు. ఒకనాడు వెనక నుంచి నాలుగుసార్లు పిలిచిన, పలకలే. అప్పుడే అర్థమైంది. దించుదామనుకున్న. జయరాజు నడిపితే బియ్యం విరిగి నూక పడదు, ఇంకెవరు నడిపినా పడుతది. చేతులాడలే నాకు.” సేటు తల ఇంకా కిందికి వంగింది. “అందుకే గదా వినయ్‌ని సంచులు కుట్టే కాడి నుంచి తీసి ఈయన పక్కన పెట్టింది. చెవులున్నోడు ఒకడు పక్కనుంటే నడిచిపోతదనుకున్న.”

“పిలిచి పెద్ద పని ఇచ్చినవని మేము చర్చిల మిఠాయి పంచితిమి సేటూ,” అంది దేవమ్మ. ఆ మాట ఎవరినీ నిందించినట్టు లేదు. జరిగింది చెప్పినట్టుంది.

వినయ్ కళ్లు మూసుకున్నాడు. కట్టు లోపల లేని వేళ్లు నొప్పి పెట్టినట్టు మణికట్టును ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. సౌమ్యకు అప్పుడు అర్థమైంది. రెండేళ్లుగా తన మొగుడు అక్కడ నిలబడింది పని నేర్చుకోవడానికి కాదు. తన తండ్రికి చెవులుగా నిలబెట్టారు, ఆ సంగతి అతనికీ చెప్పలేదు, ఈయనకూ చెప్పలేదు.

జయరాజు మాత్రం సేటు నెరిసిన తల వైపే చూస్తున్నాడు. వంచిన తలలో పెదాలు కనపడవు. ఏదో అన్నాడని తెలుస్తున్నది, ఏమన్నాడో తెలియలేదు. భార్యను చూశాడు, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అల్లుడిని చూశాడు, వాడు కళ్లు మూసుకొని ఉన్నాడు.

“ఏమంటున్నడు సేటు?” అని కూతుర్ని అడిగాడు. “తిడుతుండా? తిట్టనియ్యి. నన్ను మోసం చేసినవని అంటుండా బిడ్డా?”

సత్యనారాయణ సేటు గబుక్కున తలెత్తి సౌమ్య వైపు చూశాడు. చెప్పొద్దని నోటితో అనలేదు, కళ్లతో అన్నాడు.

సౌమ్య వచ్చి తండ్రి మోకాళ్ల ముందు నేల మీద కూర్చుంది. తన పెదాలు ఆయనకు బాగా కనపడేటట్టు ముఖం పైకెత్తింది.

“చెప్పు బిడ్డా,” అన్నాడు జయరాజు, ఆమె నోటి వైపే చూస్తూ.